ముందు నొక్కాల్సిన బటన్

"ఈ ప్రోగ్రామ్ రాసినవాడు ఒక్కసారి నా కంటబడాలి!" అంటూ మెకానిక్ మౌస్‌ని బల్లకేసి కొట్టాడు.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

పొద్దున్నే ఇంటి కంప్యూటరూ, అరచేతిలో ఇమిడే పాతకాలం ఆర్గనైజరూ, దాన్ని నిలబెట్టి చార్జి చేసే స్టాండూ పట్టుకొచ్చింది ఆయనే. ఆర్గనైజర్లో రాసుకున్నవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలట. కంప్యూటర్లో చూస్తే అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. ఎక్కించే ప్రోగ్రామ్ అందులో ఉండనే ఉంది, ఎవరో రాసి ఊరికే పంచిపెట్టింది. ఎన్నిసార్లు నడిపినా ఒకటే మాట: "పరికరం దొరకలేదు."

"కళ్ళెదుట స్టాండులో పెట్టి చస్తుంటే దొరకలేదంటుందేమిటండీ! దీన్ని అవతల పారేసి ఫోన్ కొనుక్కోండి."

"బ్యాటరీ నిలవడం లేదు బాబూ. చార్జి అయిపోతే ఇందులోవన్నీ చెరిగిపోతాయట."

"కొంపలు మునిగేవి ఏమున్నాయేంటి అందులో?"

పెద్దాయన ఆర్గనైజర్ తెర మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు.

రసీదు రాస్తూ మెకానిక్ పేరడిగాడు. పెద్దాయన ఆర్గనైజర్‌తో వచ్చిన ప్లాస్టిక్ పుల్లతో దాని తెర మీద నొక్కి, చదివి, చెప్పాడు.

"సొంత పేరుక్కూడానా?" మెకానిక్ ఫక్కున నవ్వాడు.

"ఈమధ్య అన్నీ జారిపోతున్నాయి బాబూ."

మెకానిక్ నవ్వు ఆపాడు గానీ చిరాకు ఆగలేదు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ దొరకలేదు.

"ఊరికే ఇచ్చేస్తే సరా? వాడేవాడి గోల పట్టదా? వట్టి బుర్రలేని మనిషి!"

"అయ్యుండొచ్చు," అన్నాడు పెద్దాయన మర్యాదగా.

సాయంత్రం షాపు ముందు ఆటో ఆగింది. ఒకావిడ దిగి, గుమ్మంలోంచి నవ్వింది. పెద్దాయన ఆర్గనైజర్లో ఫోటో చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు.

"మా ఆవిడే," అని ధైర్యంగా లేచాడు. అంతలోనే ఆగాడు. "ఇది ఇక్కడ వదిలి వెళ్ళాలా?"

"మింగేస్తానా? రేపటికి చేసిపెడతా, వెళ్ళండి."

వాళ్ళు అటు వెళ్ళారో లేదో ఇంకో గిరాకీ వచ్చింది. సోల్డరింగ్ ఐరన్‌కి ప్లగ్గు ఖాళీ లేదు. మెకానిక్ విసుగ్గా ఆర్గనైజర్ స్టాండు వైరు పీకేశాడు. మళ్ళీ పెట్టడం మర్చిపోయాడు.

పొద్దున వచ్చి చూసుకుని, కంగారుగా వైరు తగిలించాడు. ఏం తోచిందో, ముందు స్టాండు మీది బటన్ నొక్కి, ఆ తర్వాత ప్రోగ్రామ్ నడిపాడు. దొరికింది! ఎక్కించడం రెప్పపాటులో అయిపోయింది. ఎందుకంటే ఎక్కించడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడే కొన్నదానిలా ఆర్గనైజర్ ఇవాళ తేదీ ఎంతని అడుగుతోంది.

కాసేపటికి ఆవిడ ఒక్కర్తే వచ్చింది. విషయం విని స్టూలు మీద కూలబడింది.

"నేనెవరో, పిల్లలెవరో, ఇంట్లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో అన్నీ అందులోనే రాసుకున్నారు. లేవగానే చదువుకునేవారు. ఇవాళ నన్ను చూసి, 'మీరెవరండీ?' అన్నారు. అది తెచ్చిస్తే తెలుస్తుందిలెండి అని చెప్పి వచ్చాను."

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. వైరు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నోరు రానందుకు కోపం వచ్చింది.

"తప్పంతా ఆ ప్రోగ్రామ్‌దేనండీ! ముందు బటన్ నొక్కాలని ఒక్క ముక్క చెబితే వాడి సొమ్మేం పోయింది? అది రాసిన మహానుభావుడు దొరకాలి, నాలుగు దులిపేస్తాను!"

ఆవిడ ఆర్గనైజర్‌ని చేతిరుమాలుతో తుడిచి, జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

"గుర్తున్నన్నాళ్ళూ ఆ ముక్క అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పేవారు బాబూ," అంది. "నిన్న పొద్దుట్నుంచీ మీ ఎదురుగానే కూర్చున్నారుగా."