సర్దుబాటు

“నేనే చేశాను సార్,” అన్నాడు సర్దుబాటు, విచారణ చేస్తున్న పెద్ద డాక్టరుతో.

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే మనిషి అతను. ఇంట్లో ఆరుగురి బట్టలు ఒకే బీరువాలో పట్టించిన ఘనుడని అందరూ పెట్టిన పేరది. సర్వర్ నిండిపోతోందని రొమ్ము ఎక్స్‌రేలన్నిటినీ పదో వంతుకు కుదించేశాడు. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు. కానీ ఓ కుట్టు టీచరమ్మ ఎక్స్‌రేలో, క్యాన్సర్‌కు తొలి గుర్తుగా కనిపించే, ఆవగింజలో సగం కూడా లేని తెల్లచుక్కలు ఆ కుదింపులో కరిగిపోయాయి. ఆవిడ రిపోర్టులో “ఏమీ లేదు” అని ఉంది. ఏడాది తిరిగేసరికి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. మొన్ననే ఆపరేషను అయింది.

ఆ రిపోర్టు రాసిన డాక్టరమ్మ పెద్ద డాక్టరు పక్క కుర్చీలోనే ఉంది. సర్దుబాటు పాత డిస్కులన్నీ గాలించి అసలు ఎక్స్‌రేని తెచ్చి, కుదించినదాని పక్కన పెట్టి మరీ చూపించాడు. అసలు దాంట్లో చుక్కలున్నాయి. కుదించినదాంట్లో లేవు.

డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నవాడు చేతులు కట్టుకుని నిలబడితే అతని మొహంలోకి చూడలేకపోయింది.

నేరం ఒప్పుకున్నాక ఇక విచారణ ఏముంటుంది? పది నిమిషాల్లో ముగిసింది.

“తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకోలేదు, అదొక్కటే మేలు,” అన్నాడు పెద్ద డాక్టరు. రేపటినుంచి రానక్కర్లేదని అతనికి చెప్పి, కాగితాన్ని డాక్టరమ్మ ముందుకు జరిపాడు. తప్పు కుదింపుదేనని ఆమె కూడా సంతకం చెయ్యాలి.

పెన్ను మొరాయించింది. విదిలించి సంతకం చేసింది.

బయట వరండాలో సర్దుబాటు ఆమె కోసమే ఆగి ఉన్నాడు. పొద్దున్నే వార్డుకెళ్లి టీచరమ్మ కాళ్లు పట్టుకున్నాడట. ఆవిడేమో తెలిసి చేశావా నాయనా అంటూ తిరిగి అతన్నే ఓదార్చిందట.

“నా మూలాన మీకు కూడా మాట వచ్చింది మేడమ్. క్షమించండి.”

“ఊరుకోండి,” అంది డాక్టరమ్మ.

ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అతను దణ్ణం పెట్టి, ఖాళీ క్యారేజీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ ఎక్స్‌రేని అతను కుదించింది శనివారం; దాన్ని చెక్కుచెదరని అసలు రూపంలో, ఫోన్లో మాట్లాడుతూ చూసి, ఆమె “ఏమీ లేదు” అని రాసింది అంతకు ముందు మంగళవారం.