సార్ చేతి కొలత

నగరి మురుగేష్ ఫైలు మీద సంతకం పెట్టడానికి చెంగల్రాయుడు డబ్బు అడగలేదు. గోల్ఫ్ స్టిక్కులు అడిగాడు.

డబ్బంటే ఆయనకు భయం. రెండేళ్ల కింద పక్క సీటు మునిశేఖర్ లంచం నోట్లు జేబులో పెట్టుకున్న మరునిమిషం ఏసీబీ వాళ్లు వచ్చి, అతని వేళ్లు గ్లాసు నీళ్లలో ముంచారు. నోట్లకు పూసిన పొడి పుణ్యమా అని నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ రోజు నుంచి చెంగల్రాయుడు పది రూపాయల నోటు కూడా ముట్టలేదు. తిరుమల హుండీలో కానుక కూడా భార్య లీలావతి చేతే వేయించేవాడు. స్వామి మీద అనుమానం ఉండి కాదు, అలవాటు.

వస్తువులు మాత్రం పుచ్చుకునేవాడు. ఫ్రిజ్జును ఏ గ్లాసులో ముంచుతారు?

ఇప్పుడు గోల్ఫ్ అవసరం పడింది. ప్రమోషన్ ఇవ్వవలసిన పెద్దాయన ఆదివారాలు చెన్నైలో ఆడతాడు. వచ్చే నెల నుంచి నువ్వూ రావయ్యా అన్నాడు. ఆ ఆటలో బంతి తెల్లగా ఉంటుందని మాత్రమే చెంగల్రాయుడికి తెలుసు.

నాలుగో రోజే మురుగేష్ ఒక పొడవాటి సంచీ మోసుకొచ్చాడు. అనుమతి రాక అతని షెడ్డుకు ఆరు నెలలుగా తాళం. లోపల ఎనిమిది కొత్త మరమగ్గాలు తుప్పు పడుతున్నాయి.

"పాతదే గానీ బాగుండాది సార్. మద్రాసులో మా బావమరిది యాడనో పట్టుకొచ్చినాడు."

చెంగల్రాయుడు ఒక స్టిక్కు బయటికి లాగి, పిడి వాసన చూసి, ముఖం చిట్లించాడు.

"ఎవుడిదో చెమట పట్టిన కట్టెను నేను పట్టుకోవల్లనా? ఇంకొకడు తొడిగిన చెప్పులు నువ్వు తొడుగుతావా అప్పా?"

"కొత్తగా నేర్చుకునేటోళ్లకు పాతదే మేలంట సార్."

"నీకెవురు చెప్పినారు? మనిషికి కొలతలు తీసి, తగినట్టు చేసిస్తారంట. పెద్దాయనది అట్లాంటిదే. నాకూ అదే కావల్ల. లేదంటే నీ ఫైలు ఈడనే ఉంటాది, నీ మగ్గాలు ఆడనే ఉంటాయి."

"రెండు లక్షల పైమాట సార్ అది!"

"మగ్గాలు ఎనిమిది గదా. ఒకటి అమ్ము."

మురుగేష్ సంచీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. మూడో రోజు ఫోను చేశాడు.

"కొలతలు తీసే మేడం తిరుపతికే వస్తాండాది సార్. శుక్రవారం."

హోటల్ గదిలో ఆ మేడం, పేరు కోమలి, మెడలో టేపు వేసుకుని నిలబడి ఉంది. సోఫాలో ఇద్దరు కంపెనీ మనుషులు కొలతలు రాసుకుంటున్నారు. ఎత్తు చూశారు. మణికట్టు నుంచి నేలకు ఎంతో చూశారు. పెళ్లికి కోటు కుట్టించినప్పుడు కూడా తనను ఇంత గౌరవంగా ఎవరూ కొలవలేదనిపించింది చెంగల్రాయుడికి.

"బిల్లు ఎవరి పేరున సార్?" అంది కోమలి.

"డబ్బిచ్చేది మురుగేష్, వస్తువు నాది. పేరుదేముండాదమ్మా."

"మరి నా ఫైలు సార్?" అని గొణిగాడు మురుగేష్.

"స్టిక్కులు నా కారెక్కిన నిమిషం సంతకం పెడతా. మేడం ఎదుటే చెప్తాండా, సాలునా?"

మురుగేష్ తలుపు పక్కనున్న అట్టపెట్టె తెరిచి, తళతళలాడే స్టిక్కు ఒకటి చూపించాడు.

"ఇదొకటి ముందుగానే తెప్పించినా సార్. మీదే, తీసుకోండి." పెట్టెను ఆయన వైపు తోశాడు. "పాతదానికే సరే అనుంటే బాగుండు సార్."

"మళ్లీ అదే పాట!"

చెంగల్రాయుడు స్టిక్కు అందుకుని ఊపి చూశాడు. గదిలో గాలి ఝుమ్మంది.

"రెండు చేతులతో సార్. ఇంకొంచెం గట్టిగా," అంది కోమలి.

"సూడు మురుగేషూ, నా చేతికే పుట్టినట్టుండాది!"

"ఆఖరి కొలత సార్, అరచేతి అచ్చు." ఆమె ఒక పళ్లెం ముందుకు జరిపింది. అందులో తడిపిన తెల్లగుడ్డ పరిచి ఉంది. "దీన్నిబట్టే తేలేది."

పెద్దాయనకు కూడా ఇంత మర్యాద జరిగి ఉండదనుకుంటూ, చెంగల్రాయుడు రెండు అరచేతులూ గుడ్డకు గట్టిగా అద్ది, నవ్వుతూ పైకి తీశాడు.

తెల్లగుడ్డ మీద పది వేళ్లూ అచ్చు పడ్డాయి, ఆనాటి మునిశేఖర్ గ్లాసులో నీళ్లలా, గులాబీ రంగులో.