తాగుబోతు యాకయ్య

దేవుడి దయతో తాగుడు మానిన మొగుడికి, మూడేళ్లయినా పాత పేరెందుకు పోదో సౌందర్యకు అంతుపట్టేది కాదు. ఊళ్లో యాకయ్యలు ముగ్గురు. గుర్తు కోసం ఒకరు గొర్ల యాకయ్య, ఒకరు టైలర్ యాకయ్య, ఆమె మొగుడు తాగుబోతు యాకయ్య.

బయ్యారంలో ఓ పెళ్లిలో, భోజనాల బంతిలో వడ్డిస్తూ వాళ్ల ఊరి భూపాల్, "తాగుబోతు యాకన్నకు కూర రాలె" అని మామూలుగానే కేకేశాడు.

యాకయ్య లేచి, గరిటె గుంజుకుని అతని నుదురు పగలగొట్టాడు. నెత్తురు విస్తట్లో పడింది.

"మల్ల తాగిండు, పట్టుకోండ్రి" అని బంతిలో ఎవరో అరిచారు. నలుగురు మీదపడి తన్నారు.

సౌందర్య వాళ్లను నెట్టుకుని వెళ్లి, ముందుగా మొగుడి నోరు వాసన చూసింది.

"నువ్వు గూడనా?" అన్నాడు యాకయ్య, పగిలిన పెదవితో.

ఆమె తలవంచుకుని కొంగుతో ఆ నెత్తురు తుడిచింది. మూడేళ్లుగా అతనికి బాకీ పడ్డ మాట అందరి ముందూ చెప్పింది.

"మా ఆయన తాగలె. సోయిల ఉండే, తెలిసే కొట్టిండు."