మెయిను దగ్గర కాపలా

"ఇక్కడే నిలబడు. ఎవరొచ్చినా ఈ పిడి ఎత్తనివ్వకు" అన్నాడు ఎలక్ట్రీషియన్, మెట్ల కింద మెయిన్ స్విచ్చు పిడిని కిందికి లాగుతూ. ఇనప డబ్బా మూత తెరిచి, లోపల ఏదో సర్ది, మళ్లీ మూశాడు. "రెండు వందల ముప్పై వోల్టులు. పైన నా చేతులు ఉత్త వైర్ల మీదుంటాయి. పిలిచినప్పుడల్లా పలుకు."

భార్య తలూపింది గానీ నోరు విప్పలేదు. వాషింగ్ మెషీను షాకు కొట్టి తనను గోడకేసి విసిరిన రోజు నుంచి ఆమె అతనితో మాటలు మానేసింది. ఎర్తు వైరు వెయ్యమని ఎన్నాళ్లు మొత్తుకున్నా, ఊరందరి ఇళ్లూ బాగుచేసే మనిషికి సొంతిల్లు కంటికి ఆనలేదు. పైగా ఆ రోజు, "చెప్పులేసుకోవాల్సింది" అన్నాడు. షాకు కంటే ఆ మాటే గట్టిగా తగిలింది. బట్టల సంచి సర్దేసింది. మధ్యాహ్నం బస్సుకి అక్క వాళ్లింటికి ప్రయాణం. మళ్లీ వచ్చే ఆలోచన లేదు.

అతను మెట్లెక్కాడు. భుజాన వైరు చుట్ట. చొక్కా జేబు బరువుకి వేలాడుతోంది.

"ఉన్నావా?" కాసేపటికి పైనుంచి కేక.

పలక్కూడదనుకుంది. పలక్కపోతే ఎలా? "ఉన్నా."

"ఉన్నావా?"

"ఉన్నానన్నాగా."

"సన్న వైరంతా పీకేస్తున్నా. మెషీను లాగే కరెంటుకి తొడుగు మాడిపోయింది. నాలుగు ఎం.ఎం. వైరు వేస్తున్నా."

"ఇన్నాళ్లకా?"

"ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రలు, పచ్చది ఎర్తు. ఆ పచ్చది లేకే నిన్ను కొట్టింది."

"నన్ను కొట్టింది వైరు కాదు, మీ నిర్లక్ష్యం."

పైన సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఏమండీ?"

"ఆఁ, ఉన్నా." గొంతు తగ్గింది. "నిజమే. తప్పు నాదే."

రోడ్డు మీద బస్సు హారను మోగింది. సంచి గుమ్మంలోనే ఉంది. ఆమె ఒక అడుగు వేసి, పిడి వైపు చూసి, ఆగిపోయింది. బస్సు వెళ్లిపోయింది.

కింద వాటాలో ఉండే టైలరు తల బయటపెట్టాడు. రెండు వాటాలకూ మెయిను ఒకటే.

"ఇంకెంతసేపు వదినా? సాయంత్రానికి కోటు ఇవ్వాలి. ఇస్త్రీపెట్టె చల్లారిపోయింది."

"పైన మనిషున్నాడు."

"అన్నయ్యకి కరెంటు కొత్తా? ఆయన్ని చూసి కరెంటే జడుసుకుంటుంది."

"మీ కోటు కోసం నా మొగుణ్ణి కాల్చుకోమంటారా?"

"మొన్న ఆ మొగుడి మొహమే చూడనన్నారుగా."

"చూస్తానో మానతానో నా ఇష్టం. మీరు దూరం జరగండి."

ఉత్తినే ఉడికిద్దామని అతను నవ్వుతూ ఆమె భుజం మీదుగా చెయ్యి చాపాడు. ఆమె విదిలించి కొట్టింది. ఆ పెనుగులాటలో ఆమె మోచెయ్యి తగిలి పిడి ఠక్కున పైకి లేచింది.

వెంటనే కిందికి లాగేసింది. "ఏమండీ!"

జవాబు లేదు.

మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది. "అదేంటి, నా గదిలో లైటు వెలగలేదే" అని వెనక టైలరు గొణిగిన మాట ఆమె చెవికెక్కలేదు.

పైన అతను నిచ్చెన మీద కూర్చుని, టేపు ముక్క పళ్ల మధ్య పట్టుకుని, పచ్చ వైరు మెలిపెడుతున్నాడు. ఆమె నిచ్చెన కాలు పట్టుకుని కూలబడింది.

"పిడి లేచిపోయిందండీ. నా చేతి మీదుగానే లేచింది. మీకేమన్నా అయ్యుంటే నేనేమైపోను?"

అతను దిగొచ్చి, నేల మీద ఆమె పక్కనే చతికిలబడ్డాడు. నోట్లో టేపు తీశాడు.

"బస్సు వెళ్లిపోయిందా?"

"ఎప్పుడో వెళ్లిపోయింది. మిమ్మల్నలా వదిలేసి ఎలా ఎక్కమంటారు?"

అతను తల వంచుకుని, ఇందాక ఇనప డబ్బాలోంచి పీకి జేబులో దాచుకున్న మెయిన్ ఫ్యూజులు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.