ఇద్దరికీ ఒకే కార్డు

పెద్దాయన కుర్చీని కౌంటరు దగ్గరికి లాగి, పెద్దావిడను కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చున్నాడు.

"భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా కార్డు ఇస్తున్నారటగా. అదేమిటో కాస్త అర్థమయ్యేలా చెప్పు తల్లీ."

కౌంటరులో అమ్మాయి పొద్దుటి నుంచీ చిరాకు మొహాలే చూసింది. వీళ్లను చూడగానే ఎందుకో నవ్వొచ్చింది.

"పెద్దవాళ్లకి రెండు రకాల కార్డులున్నాయండీ. ఎవరికి వాళ్లు విడి కార్డు తీసుకుంటే, ఆసుపత్రిలో చేరినప్పుడు ఖర్చంతా ప్రభుత్వానిదే. కానీ ఇంట్లో వాడే మందుల్లో కొన్నే వస్తాయి. జంట కార్డయితే ఒకరి పింఛనులోంచి నెలనెలా కొంత పట్టుకుంటారు. రోజూ వాడే మందులన్నీ ఇద్దరికీ వస్తాయి."

"ఆయాసానికి పీల్చే మందు?" పెద్దాయన ముందుకు వంగాడు.

"విడి కార్డులో రాదండీ. జంట కార్డులో వస్తుంది."

"విన్నారా!" ఆయన గొంతు హాలంతా మోగింది. "ఈవిడ రెండుసార్లు పీల్చాల్సింది ఒక్కసారే పీలుస్తారు తల్లీ. అడిగితే బాగానే ఉన్నానంటారు. మెట్లెక్కుతుంటే ఆ రొప్పు నాకు వినబడదూ?"

"ఈయన మాత్రం తక్కువ తిన్నారా? మోకాళ్ల మాత్రలు జేబులోనే పెట్టుకుని మర్చిపోయానంటారు."

"అవి మింగితే నిద్రొస్తుందండీ. మీరు మాట్లాడుతుంటే నేను కునికితే ఊరుకుంటారా?"

వెనక వరుసలో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అమ్మాయీ నవ్వింది. ఈ వయసులోనూ పెళ్లాన్ని ఇంత మర్యాదగా 'మీరు' అనే మొగుడా! తన మొగుడు పెళ్లయి వారం తిరక్కుండానే 'ఒసేయ్'లోకి దిగాడు.

పెద్దావిడ మాత్రం కాస్త వెనక్కి తగ్గింది. "అంతా బాగానే ఉందమ్మా. కానీ నా మందులన్నీ ఈయన పింఛను మీద పడటం..."

"ఇన్నాళ్లూ నా పింఛను ఏం వెలగబెట్టిందండీ? పావురాలకి గింజలు కొంది. అవి కనీసం నా జోకులకి నవ్వను కూడా నవ్వవు."

ఆవిడ నవ్వాపుకోలేక చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చింది. పెద్దాయన చటుక్కున ఆవిడ సంచీలోంచి మందు తీసి అందించాడు. రెండుసార్లూ పీల్చేదాకా కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడు.

అమ్మాయి గబగబా కీబోర్డు ముందుకు లాక్కుంది.

"మీకు జంట కార్డే సరైనది పెద్దమ్మా, ఇప్పుడే ఎక్కించేస్తాను. మీ పెళ్లెప్పుడో చెప్పండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

పెద్దావిడ మెల్లగా ఆయన వైపు తిరిగి, "పాపం, ఆ పిల్ల అడుగుతోంది కదండీ, చెప్పండి... ఎప్పుడు చేసుకుందాం?" అంది.