గ్లాసులో వెలుగు గీత

పొదిలి బయట మిర్చి కళ్లాల మధ్య సాల్మన్‌ది ఒంటి ఇల్లు. ఆ రాత్రి కరెంటు పోయింది. చీకట్లో అతని భార్య క్రిస్టీనా ఊపిరి పిల్లికూతలుగా వినిపిస్తోంది.

ఊపిరితిత్తులకు పట్టిన బూజు ఆరు నెలల మందులకూ లొంగలేదు. "ఆ మందు నీళ్లలో కరగదండీ, అందుకే ఒంటికి పట్టదు. అదే మందును కంటికి ఆనని రేణువులుగా చేశారు. నానో అంటారు," అని ఆ పొద్దున డాక్టరుగారు కొత్త పొడి ఇచ్చారు.

సాల్మన్ మిర్చి వ్యాపారి. కారాన్ని నీళ్లలో వేసి, ఇటుకపొడి అడుగుకు దిగితే బేరం వదులుకునే మనిషి. పాత మందు అలాగే అడుగుకు దిగింది. కొవ్వొత్తి వెలుగులో కొత్తది గ్లాసు నీళ్లలో వేయగానే మాయమైంది.

"ఉత్త నీళ్లే! మోసపోయాం," అన్నాడు.

"మందుక్కూడా బేరమేనా? ఇటివ్వండి," అంది క్రిస్టీనా.

పారబోయబోతూ టార్చి వేశాడు. తేట నీళ్లలో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక వెలుగు గీత నిలబడింది. పక్కన మంచినీళ్ల గ్లాసులో వేస్తే ఏ గీతా లేదు. అంటే కంటికి ఆనకపోయినా మందు నీళ్లలోనే ఉంది. సాల్మన్ గ్లాసు అందించాడు.

ఆమె తాగింది. "ఏవండీ, లోపల ఎవరో దీపం పట్టుకుని నడుస్తున్నారు," అంది.

పిల్లికూతలు ఆగిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడలేదు. ముఖం ప్రార్థనలో ఉన్నట్టుంది.

ఆ చప్పుడు ఆగాలని ఆరు నెలలు మొక్కుకున్న మనిషి, ఒక్కసారి వినపడితే చాలని చెవి ఒగ్గి నిలబడ్డాడు.