మెషీన్ దగ్గర మనిషి

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

గాజు తలుపు అవతల నిలబడి, కన్నార్పకుండా మెషీన్ వైపే చూస్తున్నాడు.

పరిశోధకురాలు స్క్రీన్‌కి అడ్డంగా జరిగింది.

ఆమె తయారుచేస్తున్నది, పసిపిల్లల్లో వచ్చే ఒక రక్తజబ్బుని పుట్టగానే పట్టేసే పరీక్ష. ఎంత వేడి దగ్గర పనిచేస్తుందో తేలడమే మిగిలింది. ఒకే రక్తం నుంచి తీసిన డీఎన్ఏని వరసగా చిన్న గొట్టాల్లో పోసి, ఎడమ నుంచి కుడికి ఒక్కో గొట్టానికీ కాస్త కాస్త వేడి పెరిగేలా మెషీన్‌ని అమరుస్తోంది. పై అంతస్తు ల్యాబ్ వాళ్ళూ దీని కోసమే తంటాలు పడుతున్నారు. ఈ అంకెలు వాళ్ళకి చిక్కితే తన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

వెళ్ళి తలుపు తీసింది.

"ఎవరండీ మీరు? రోజూ గోడమీద బల్లిలా ఇక్కడే ఉంటున్నారు."

"మీ ల్యాబ్ పెద్ద మేడమ్ రమ్మన్నారమ్మా."

"మేడమ్ ఊళ్ళో లేరు."

"వెళ్ళేముందే చెప్పారు."

ఊళ్ళో లేనివాళ్ళ పేరు వాడుకోవడం ఎంతసేపు, అనుకుంది.

"ఆ గొట్టాలన్నిట్లోనూ ఒకళ్ళదేనా అమ్మా?"

దారిన పోయేవాడికి ఈ సంగతెలా తెలుసు?

"మీకెందుకు?"

"ఎంత వేడి పెడతారు?"

దొంగ బయటపడ్డాడు. పాఠాల్లో అందరికీ చెప్పే అంకె ఒకటి పడేసింది.

"తొంభై అయిదు డిగ్రీలు."

అతని మొహం వాడిపోయింది. "అంత వేడా?"

నటన బాగానే వచ్చు, అనుకుంది.

"అయ్యాక ఏం చేస్తారు?"

"పారేస్తాం."

అతని చూపు మళ్ళీ గొట్టాల మీదికి పోయింది.

"లోపలికొచ్చి, దగ్గర నుంచి ఒక్కసారి చూడొచ్చా?"

ఆమె వాచ్‌మన్‌ని కేకేసింది. "ఈయన్ని గేటు దాటించు. మళ్ళీ రానివ్వకు."

అతను వాదించలేదు. "జాగ్రత్తగా చెయ్యమ్మా," అని వెళ్ళిపోయాడు.

"చూశావా, బెదిరించి మరీ పోతున్నాడు," అంది వాచ్‌మన్‌తో.

సాయంత్రం ఫలితం ఫోటోలో నాలుగో గొట్టం దగ్గర గీత తెల్లగా, నిండుగా కనిపించింది. వెంటనే మేడమ్‌కి ఫోన్ చేసింది.

"పనిచేసింది మేడమ్. నమూనా చివరి చుక్క దాకా వాడేశాను."

"ఎంత మంచి మాట చెప్పావు. ఆయన చూశారా?"

"ఎవరు?"

"నేనే రమ్మన్నాను. హడావిడిలో నీకు చెప్పడం మర్చిపోయాను."

ఆమె గొంతు తగ్గింది. "ఒకాయన వచ్చాడు మేడమ్. పై అంతస్తు వాళ్ళు పంపారేమోనని గెంటించేశాను."



"ఆ రక్తం ఎవరిదో నీకు తెలుసా?"

"నంబరే తెలుసు మేడమ్."

"ఆయన కూతురిది. ఆ జబ్బుతోనే పోయింది. ఇంకో ఇంట్లో ఇలా జరక్కూడదని ఒప్పుకుని ఇచ్చారు. మెషీన్‌లో పెట్టే రోజున మాత్రం పాప దగ్గర ఉంటానని అడిగారు."